మాటలు వచ్చాయి, మాట్లాడడమే రాలేదు

పాఠకుల ప్రశ్నలు – స్పీచ్ థెరపిస్టుల జవాబులు

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు దాటాయి. రంగులు, అంకెలు, జంతువుల పేర్లు అన్నీ వచ్చు. బొమ్మ చూపించి ‘ఇదేంటి’ అంటే ఠక్కున చెబుతాడు. కానీ తనంతట తాను వచ్చి ఒక్క మాట చెప్పడు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ వస్తువు మీద పెడతాడు. పిల్లల డాక్టరు గారు స్పీచ్ థెరపీకి వెళ్లమన్నారు. మాటలు వచ్చిన పిల్లాడికి స్పీచ్ థెరపీ ఎందుకండీ? – ఒక తల్లి

జవాబు: డాక్టరు గారు సరిగ్గానే చెప్పారమ్మా. స్పీచ్ థెరపీ అంటే నోరు తిరగని అక్షరాలు పలికించడమే అనుకుంటారు చాలామంది. అందులో అదొక భాగం మాత్రమే. ఎన్ని మాటలు వచ్చాయన్నది ఒక లెక్కయితే, వాటితో ఎన్ని పనులు చేసుకుంటున్నాడన్నది ఇంకో లెక్క. అడగడం, వద్దనడం, పిలవడం, పలకరించడం, చూపించడం, జరిగింది చెప్పడం, తెలియనిది అడిగి తెలుసుకోవడం... మాటతో చేసే పనులివి. మీరు రాసినదాన్ని బట్టి మీ బాబు మాటలన్నీ ఒకే పనికి పోతున్నాయి: పెద్దవాళ్లు పరీక్ష పెడితే జవాబివ్వడానికి.

థెరపీ మొదలుపెట్టే ముందు వినికిడి పరీక్ష చేయించండి. ‘వాడికి బాగానే వినపడుతుంది, టీవీ పెడితే పరిగెత్తుకొస్తాడు’ అని దాన్ని దాటేయకండి. కర్ణభేరి వెనక నీరు చేరిన పిల్లలకి ఓ వారం బాగా వినిపిస్తుంది, ఇంకో వారం మసకగా వినిపిస్తుంది. సహకరించని పిల్లలకి, చెవిలో చిన్న సాధనం పెట్టి లోపలి చెవి స్పందన చూసే ఓఏఈ, నిద్రలో ఉండగా శబ్దానికి మెదడు స్పందన చూసే బెరా పరీక్షలున్నాయి.

తర్వాత ఒక నోటుబుక్కు పెట్టుకోండి. రోజులో మూడు వేర్వేరు సమయాల్లో అరగంట చొప్పున, బాబు మీ వైపు తిరిగి ఏం చేసినా రాయండి. మాటే కానక్కర్లేదు, వేలు చూపడం, వస్తువు తెచ్చివ్వడం, ఓ కేక, ఓ చూపు, అన్నీ రాయండి. పక్కన అది ఎందుకో రాయండి. ‘కావాలి’, ‘వద్దు’ అన్నవి ఇరవై ఉండి, ‘అదిగో చూడు’ అన్నది ఒక్కటీ లేకపోతే థెరపిస్టుకి దారి అక్కడే దొరుకుతుంది. వేలు చూపడంలోనే రెండు రకాలున్నాయి. ‘అది ఇవ్వు’ అనే వేలు ఒకటి, ‘అదిగో, భలే ఉంది చూడు’ అనే వేలు ఇంకొకటి. రెండోది చాలామంది పిల్లల్లో ఏడాదిన్నరకల్లా కనిపిస్తుంది. దానివల్ల పిల్లాడి చేతికి ఏమీ రాదు, ఎదుటి మనిషి చూస్తే చాలు. సంభాషణకి విత్తనం అదే. పేర్లు చెప్పడం కాదు.

ఇంట్లో చేయగలిగిన పని ఒకటి చెబుతాం. సబ్బు బుడగల సీసా తీసుకుని, మూత గట్టిగా బిగించి బాబుకివ్వండి. మీరు ఎదురుగా, వాడి మొహం ఎత్తులో నేల మీద కూర్చోండి. మూత రాదు. ఇక్కడే అందరూ తొందరపడి ‘ఏం కావాలి? తియ్యనా? తియ్యి అను’ అంటారు. మీరు అనకండి. కనుబొమలు పైకెత్తి, ఏదో జరగబోతున్నట్టు మొహం పెట్టి, మనసులో పది లెక్కపెట్టండి. సీసా మీ చేతిలో పెట్టాడా, మీ వైపు చూశాడా, ‘ఊ’ అన్నాడా, ఏదైనా సరే, అడిగినట్టే. వెంటనే ‘తియ్యి!’ అని వాడి తరఫున మీరే అని, మూత తీసి నాలుగైదు బుడగలు ఊదండి. ‘పైకి పోతోంది... టప్!’ అనండి. మళ్లీ పుల్ల నోటి దగ్గర పెట్టుకుని ఊదకుండా ఆగండి. ఇలా ఏడెనిమిది సార్లు అయ్యాక, పుల్ల తిరగేసి పట్టుకుని ఊదండి. బుడగ రాదు. అప్పుడు వాడు పుల్లని కాక మీ మొహాన్ని చూస్తే, ఆ రోజుకి అదే గెలుపు. అడగడం నేర్పడం తేలిక; ‘ఇదేంటి ఇలా అయింది!’ అని మీతో పంచుకునేలా చేయడమే కష్టం. దానికి వింతలు కావాలి. బూటు తల మీద పెట్టుకోండి, చొక్కా చేతిని కాలికి తొడగబోండి.

ఇది చెడేది రెండు చోట్ల. ‘బబుల్స్ అంటేనే ఇస్తా’ అని పట్టుబడితే మళ్లీ పరీక్షే. రోజంతా, ఇష్టమైన ప్రతి వస్తువుతో ఇదే చేస్తే పిల్లాడికి చిరాకొచ్చి మీ దగ్గరికి రావడమే మానేస్తాడు. రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు చాలు. మిగతా సమయమంతా ప్రశ్నలు తగ్గించండి. ఒక ప్రశ్న అడిగితే, కనీసం మూడు నాలుగు మాటలు ఊరికే చెప్పండి: ‘కారు పడింది.’ ‘అబ్బో, పెద్ద చప్పుడు.’ జవాబు ఆశించకండి.

ప్రశ్న: మా మనవడికి నాలుగేళ్లు. ‘నీళ్లు కావాలా?’ అని అడిగితే వాడూ ‘నీళ్లు కావాలా?’ అంటాడు. దాహం వేసినా వచ్చి అదే అంటాడు. ఎప్పుడో విన్న మాటలు సంబంధం లేకుండా అంటుంటాడు. వెక్కిరిస్తున్నాడని ఇంట్లో కోప్పడుతున్నారు. మాన్పించడం ఎలా? – ఒక తాతయ్య

జవాబు: తాతయ్య గారూ, అది వెక్కిరింత కాదు. ఇలా విన్నది విన్నట్టే తిరిగి పలకడాన్ని ఎకోలేలియా అంటారు. మాన్పించాల్సిన అలవాటు కాదిది, వాడికి ప్రస్తుతం ఉన్న మాట ఇదే. 1981లో బారీ ప్రిజాంట్, జుడిత్ డుకాన్ అనే పరిశోధకులు ఆటిజం (ఇతరులతో కలిసే, మాట్లాడే తీరు చిన్నప్పటి నుంచే వేరుగా ఉండే స్థితి) ఉన్న నలుగురు పిల్లలు తిరిగి పలికిన వెయ్యికి పైగా మాటల్ని పరిశీలించి, వాటితో పిల్లలు ఏడు రకాల పనులు చేస్తున్నారని తేల్చారు. అడగడం, ఔననడం, తన వంతు నింపడం, తనకి తాను చెప్పుకోవడం వాటిలో కొన్ని. దాహమేసినప్పుడు వచ్చి ‘నీళ్లు కావాలా?’ అంటున్నాడంటే మీ మనవడు అడుగుతున్నట్టే. నీళ్లు వచ్చే ముందు వాడి చెవిన పడే మాట అదే కదా! దాన్ని విడదీయకుండా మొత్తం ఒకే ముక్కగా పట్టుకున్నాడు.

మన భాషలో ‘కావాలి’కీ ‘కావాలా’కీ తేడా చివర్లో ఒక్క అచ్చు. ‘ఆడుకుంటావా’కి జవాబు చెప్పాలంటే క్రియ తోకే మార్చి ‘ఆడుకుంటా’ అనాలి. ఇలాంటి పిల్లలకి కష్టమైన చోటు ఇదే. అందుకని మనమే వాడి స్థానంలోకి వెళ్లి మాట్లాడాలి. వాడు వచ్చి ‘నీళ్లు కావాలా?’ అనగానే గ్లాసు అందిస్తూ ‘నీళ్లు కావాలి’ అనండి, అంతే. ‘అలా కాదు నాన్నా, నీళ్లు కావాలి అను’ అన్నారో, రేపటి నుంచి ‘నీళ్లు కావాలి అను’ అంటాడు. ఇది నవ్వుకోవడానికి చెప్పింది కాదు, నిజంగానే ఆ ‘అను’ వదిలించడానికి తర్వాత నెలలు పడుతుంది. అలాగే ఔను-కాదు ప్రశ్నల బదులు రెండు వస్తువులు చేతుల్లో పట్టుకుని ‘బంతి... కారు...’ అని ఆగండి.

‘సంబంధం లేని’ మాటలన్నారు కదా, వాటికో డైరీ పెట్టండి. ఏ మాట, అప్పుడేం జరుగుతోంది, మొదట ఎక్కడ విని ఉంటాడు. ఒకప్పుడు కింద పడితే ‘దెబ్బ తగిలిందా బంగారం’ అని మీరు ఎత్తుకుని ఉంటారు. ఇప్పుడు కడుపునొప్పి వచ్చినా ఆ మాటే అనవచ్చు. అర్థం తెలిస్తే ‘నొప్పిగా ఉంది’ అని అప్పుడే అందించగలరు. ఇంట్లో అందరికీ ఆ డైరీ చూపించండి, కోపాలు వాటంతటవే తగ్గుతాయి.

ప్రశ్న: మా అబ్బాయి కళ్లలోకి చూడడు. ట్యూషన్‌లో గడ్డం పట్టుకుని ‘ఇటు చూడు’ అని మొహం తిప్పుతున్నారు. నిజంగా పనికొస్తుందా? – ఒక తండ్రి

జవాబు: రాదు. ఆపించండి. కళ్లలోకి చూస్తే మాట వినడమే కష్టమవుతుందని, ఒత్తిడిగా ఉంటుందని ఆటిజం ఉన్న పెద్దవాళ్లు చాలామంది చెబుతున్నారు. చూపు కోసం బలవంతపెడితే పిల్లాడు నేర్చుకునేది చూడడం కాదు, భరించడం. మనకి కావాల్సింది కళ్లు కాదు, ధ్యాస: మీరు చూపిన వైపు చూస్తున్నాడా, ఒకే వస్తువు మీద ఇద్దరి మనసూ ఉందా అన్నది. ఎదురెదురుగా కాక పక్కపక్కన కూర్చుని, అతను చూస్తున్నదాని గురించే మాట్లాడి చూడండి. థెరపీ లక్ష్యాల కాగితంలో ‘ఐదు సెకన్లు కళ్లలోకి చూస్తాడు’ అని ఉంటే దాన్ని మార్చమని అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్లు. చదువులో ముందుంటుంది. గ్రహాల గురించి మొదలుపెడితే ఆపదు. తోటి పిల్లలు ఏం చెప్పినా మళ్లీ శనిగ్రహం దగ్గరికే వస్తుంది. స్నేహితులు తప్పుకు తిరుగుతున్నారు. ఇది ఆటిజమా? థెరపీలో ఇలాంటివి నేర్పుతారా? – ఒక తల్లి

జవాబు: ఆటిజం అవునో కాదో ఈ ఒక్క లక్షణంతో, ఉత్తరంలో తేల్చకూడదు. పైకి ఒకేలా కనిపించేదానికి లోపల కారణాలు వేరు వేరుగా ఉంటాయి. ఏడీహెచ్‌డీ (నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్య) ఉన్న పిల్లలకి వంతు సంగతి తెలుసు, ఆగలేరు. భాషలోనే ఇబ్బంది ఉన్నవాళ్లు ఎదుటివాళ్ల మాట సరిగ్గా పట్టుబడక, తమకి బాగా తెలిసిన విషయాన్నే పట్టుకుని వేలాడతారు. ఆటిజంలో ఇష్టమైన విషయం మీద గాఢమైన ఆసక్తితో పాటు మార్పులు, శబ్దాల వంటి వాటితో ఇబ్బందులూ ఉండవచ్చు. అవేవీ లేకుండా సంభాషణలోనే చిక్కు ఉంటే 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (ఇలాంటి సమస్యల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం) దానికి ‘సోషల్ కమ్యూనికేషన్ డిజార్డర్’ అని వేరే పేరు పెట్టింది. ఏది అన్నదాన్ని బట్టి థెరపీ మారుతుంది కాబట్టి ముందు పూర్తి పరీక్ష జరగాలి.

ఇక ఎలా నేర్పుతారంటారా? ‘నీ వంతు వచ్చేదాకా ఆగు’ అని వందసార్లు చెబితే రాదు. సంభాషణ గాల్లో కలిసిపోయే వస్తువు, దాన్ని కంటికి కనిపించేలా చేయాలి. రెండు రంగుల బిల్లలు తీసుకోండి, ఎర్రవి పాపవి, నీలివి మీవి. ఒక్కో మాటకి ఒక్కో బిల్ల. అవతలివాళ్లు చెప్పినదానికి అతికే మాటయితే బిల్ల పైన పెట్టాలి, అతకని మాటయితే పక్కన కొత్త గోపురం మొదలుపెట్టాలి. ‘నిన్న నా సైకిల్ చైను ఊడిపోయింది’ అని మీరు నీలి బిల్ల పెడతారు. ‘శనికి ఉంగరాలుంటాయి’ అంటే ఎర్ర బిల్ల పక్కకి పోతుంది. ‘అయ్యో, ఎలా వచ్చావు మరి?’ అంటే పైకెక్కుతుంది. ఐదు నిమిషాల తర్వాత నేల మీద పన్నెండు ఒంటి బిల్లలు కనిపిస్తే ఎవరూ తిట్టనక్కర్లేదు. విషయం మార్చడం తప్పు కాదు, మారుస్తున్నామని చెప్పాలి. ‘నీకింకోటి చెప్పనా?’ అన్న వంతెన మాట నేర్పుతాం. దానికో పచ్చ బిల్ల.

ఎదుటివాళ్ల మొహం చూసి విసుగు కనిపెట్టమని నేర్పే పద్ధతి మీద మాకు పెద్ద నమ్మకం లేదు. మొహాలు మర్యాదకి అబద్ధం చెబుతాయి. దానికంటే రెండు మూడు విషయాలు చెప్పాక ‘ఇంకా చెప్పనా, చాలా?’ అని అడిగేయడం సూటిగా పనిచేస్తుంది.

ఇంకో ఆట: మధ్యలో అట్ట నిలబెట్టి, అటొకరు ఇటొకరు కూర్చుంటారు. పాప తన కాగితం మీద బొమ్మ గీసి, అదే బొమ్మ అవతలివాళ్లు గీసేలా మాటలతో చెప్పాలి. మొదట్లో ‘ఇక్కడ గుండ్రంగా గియ్యి’ అంటుంది. అట్ట తీశాక రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే, ‘ఇక్కడ’ అన్నది అవతలివాళ్లకి కనపడదని అర్థమవుతుంది. థెరపిస్టు కావాలనే గొణిగి, ‘ఏంటీ?’ అని అడిగి, అర్థం కాకపోతే అదే మాట గట్టిగా అరవకుండా వేరేలా చెప్పడం కూడా సాధన చేయిస్తారు. నువ్వు-మీరు తేడా తడబడే పిల్లలకి ఒకే సంగతిని ముగ్గురికి చెప్పిస్తాం: తమ్ముడికి ‘పుస్తకం ఇవ్వు’, టీచరుకి ‘పుస్తకం ఇవ్వండి’, కొత్తవాళ్లకి ‘ఆ పుస్తకం ఒకసారి ఇస్తారా?’

తల్లిదండ్రులు నిరాశపడేది తర్వాతి దశలో. థెరపీ గదిలో చక్కగా మాట్లాడిన పాప బడిలో మళ్లీ మామూలే. కారణం ఉంది. పెద్దవాళ్లం పిల్లల కోసం ఆగుతాం, పిల్లలు ఆగరు. 2009లో పది భాషల్లో చేసిన ఒక అధ్యయనంలో, ప్రశ్నకీ జవాబుకీ మధ్య విరామం సగటున సెకనులో ఐదో వంతు మాత్రమే అని తేలింది. ఆలోచించి అతికే మాట వెతుక్కునే పిల్లకి ఆ సందు చాలదు, ఈలోగా ఇంకొకరు అందుకుంటారు. అందుకే చోటు పట్టి ఉంచే మాటలు నేర్పాలి: ‘ఉండు ఉండు, చెప్తా’, ‘అంటే...’, ‘అవునా!’ కొన్ని వారాలయ్యాక థెరపీలోకి ఒక తోటి పిల్లని, తర్వాత ఇద్దర్ని తీసుకురావాలి. అలా తీసుకురాని థెరపీ సగంలో ఆగినట్టే.

గ్రహాలని మాత్రం నిషేధించకండి. ఆ ఇష్టం ఉన్న ఇంకో పిల్ల దొరికితే మీ పాప మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది. తనకే ఆటిజం ఉన్న డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు 2012లో చెప్పింది ఇదే: ఆటిజం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుంది. మిగతా పిల్లలకి కూడా ‘నాకిప్పుడు వేరే సంగతి మాట్లాడాలనుంది’ అని సూటిగా చెప్పడం టీచరు నేర్పాలి. తప్పుకు తిరగడం కంటే అది మర్యాద.

ప్రశ్న: నా తరగతిలో ఒక బాబు ఆటల పీరియడ్‌లో దూరంగా నిలబడి చూస్తుంటాడు. ‘నేనూ ఆడొచ్చా అని అడుగు’ అని పంపిస్తే, ‘వద్దు’ అంటున్నారు. ఏం చేయాలి? – ఒక టీచర్

జవాబు: ‘ఆడొచ్చా?’ అన్న ప్రశ్నకి ‘వద్దు’ అనడం ఎంత తేలికో చూడండి. ఆటలో కలిసిపోగల పిల్లలు సాధారణంగా అనుమతి అడగరు. కాసేపు దగ్గర నుంచి చూస్తారు, అంచున నిలబడి అదే పని తామూ చేస్తారు, ఆటకి పనికొచ్చేది ఒకటి అందిస్తారు. ఇసుకలో వంతెన కడుతుంటే ఒక చెక్కముక్క తెచ్చిస్తారు. బాబుకి ఈ వరసే నేర్పండి. ముందు రోజు థెరపిస్టు గానీ మీరు గానీ అదే ఆటని బొమ్మలతో ఆడించి, ‘ఇది పెడదామా?’ అన్న ఒక్క మాట సాధన చేయించండి. గుంపుని కూడా మీరే ఎంచండి: ఇద్దరో ముగ్గురో, నిదానస్తులు, వంతులు స్పష్టంగా ఉండే ఆట. పరుగులాటలో నియమాలు క్షణానికోసారి మారుతుంటాయి, మొదటి ప్రయత్నానికి అది సరికాదు. ఒకటి గమనించండి: ఆ బాబు కొన్ని రోజులు ఒంటరిగా ఉండాలనే అనుకోవచ్చు. గోల ఎక్కువై విశ్రాంతి తీసుకుంటున్న పిల్లాణ్ని ఆటలోకి తోయకండి.

ప్రశ్న: మాటలు రాని మా బాబుకి, కావాల్సింది చూపించి చెప్పుకోవడానికి బొమ్మల కార్డులు, ట్యాబ్ వాడమన్నారు. వాటికి అలవాటుపడి అసలు మాట్లాడడేమో? – ఒక తల్లి

జవాబు: ఈ భయం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. 2006లో వచ్చిన ఒక సమీక్ష, గట్టి ఆధారాలున్న 27 మంది విషయం విడిగా పరిశీలించింది. ఇలాంటి సాధనాల వల్ల మాట తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు, 89 శాతం మందిలో ఎంతో కొంత పెరిగింది. పెరుగుదల చాలామందిలో కొంచెమే, కాబట్టి మాటల కోసమే కార్డులు అనుకోకండి. ఈ రోజు చెప్పుకోగలగడం కోసం అవి. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, కార్డుల్లో అన్నీ వస్తువులే పెడతారు. ‘వద్దు’, ‘ఇంకా’, ‘ఆగు’, ‘చూడు’, ‘అయిపోయింది’ మొదటి వారం నుంచే ఉండాలి. మీరు మాట్లాడేటప్పుడు మీరూ వాటిని వేలితో చూపుతూ మాట్లాడండి. కార్డుల్ని అలమరాలో దాచి, థెరపీ టైముకే బయటికి తీస్తే మాత్రం ఉపయోగం లేదు.

ప్రశ్న: వారానికి రెండు సెషన్లు, నాలుగు నెలలుగా వెళ్తున్నాం. ‘ఇంప్రూవ్ అవుతున్నాడు’ అంటారు, మాకేమీ తెలియడం లేదు. ఎలా చూసుకోవాలి? – ఒక తండ్రి

జవాబు: లక్ష్యాల కాగితం అడగండి. ‘సోషల్ స్కిల్స్ మెరుగుపడాలి’ అని ఉంటే అది లక్ష్యం కాదు, కోరిక. లక్ష్యం ఇలా ఉండాలి: ‘ఇంట్లో పదిహేను నిమిషాల ఆటలో, ఎవరూ అడగకుండా, తనంతట తానుగా మూడుసార్లు ఏదైనా చూపిస్తాడు లేదా చెబుతాడు, ఇది వరసగా మూడు రోజులు, ఇద్దరు వేర్వేరు మనుషులతో.’ ఎక్కడ, ఎంతసేపు, ఎన్నిసార్లు, ఎంత సాయంతో, ఎవరితో అన్నవి అందులో ఉంటే మీకూ లెక్క తెలుస్తుంది.

ప్రతి నెలా ఒకే ఆట, ఒకే చోట, పది నిమిషాల వీడియో తీయండి. మొదటి నెలదీ నాలుగో నెలదీ పక్కపక్కన చూడండి. అందులో పిల్లాడి మాటలే కాదు, మీవీ లెక్కపెట్టండి: ఎన్ని ప్రశ్నలు, ఎన్ని ఆజ్ఞలు, ఎన్నిసార్లు ఆగి చూశారు. పిల్లాడు కదలకపోవడానికి కారణం చాలాసార్లు ఈ రెండో లెక్కలోనే దొరుకుతుంది. సెషన్ అంతా మీరు తలుపు బయట కూర్చుంటున్నారా? వారానికి రెండు సెషన్లలో థెరపిస్టు చేసేది కొంతే, మిగతా మేలుకువ గంటలన్నీ మీ దగ్గరే గడుస్తాయి. కనీసం చివరి పది నిమిషాలు లోపల కూర్చుని, ఆ రోజు చేసింది థెరపిస్టు ముందే మీరూ చేసి చూపించండి, తప్పులు దిద్దించుకోండి. దానికి ఒప్పుకోని చోట అయితే వేరే థెరపిస్టుని చూసుకోండి.

మూడు నాలుగు నెలల్లో ఏ లక్ష్యమూ కదలకపోతే లక్ష్యమైనా చిన్నది చేయాలి, పద్ధతైనా మార్చాలి, లేదా వినికిడి, నిద్ర, మూర్ఛల వంటివి మళ్లీ చూపించాలి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం, వయసు ఎంతైనా, తర్వాతి సెషన్ దాకా ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.